తప్పాలని వేసిన లెక్క

మేడమ్ పోయారని ఆవిడ చెల్లెలు ఫోన్ చేసేసరికి నేను కాలేజీలో కంప్యూటర్ ముందు కూర్చుని ఈ వానాకాలం డెంగీ అంచనా సరిచూసుకుంటున్నాను. పొద్దున్నే కాఫీ తాగి, పేపరు చదివి, ఆ కుర్చీలోనే వెనక్కి వాలిపోయారట. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. ఆవిడకి గుండె జబ్బు ఉన్న సంగతి మాకందరికీ తెలుసు. ఆవిడ మాత్రం అది పక్కింటివాళ్ల జబ్బన్నట్టు తిరిగేవారు.

మర్నాడు పేపర్లో, జిల్లా పేజీలో అడుగున చిన్న వార్త వేశారు. విశ్రాంత గణిత అధ్యాపకురాలు, అంటువ్యాధులు ఎలా వ్యాపిస్తాయో లెక్కకట్టే పరిశోధన చేశారు, ఎందరో విద్యార్థులను తీర్చిదిద్దారు. ఇంతవరకు బాగానే ఉంది. చివర్న ఒక ముక్క అతికించారు, ఆమె వేసిన డెంగీ అంచనా తప్పడం అప్పట్లో చర్చకు దారితీసింది అని. మనిషిని మట్టిలో పెట్టకముందే మొదలుపెట్టేశారు.

అదే రోజు మధ్యాహ్నం ఆరోగ్య విభాగం నుంచి ఒక అధికారి నాకు ఫోన్ చేశారు. మేడమ్ గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, గొంతు సవరించుకుని, అసలు విషయానికొచ్చారు. ఈ ఏడు నేను పంపబోయే అంచనాలో పై గీత తీసేయాలట. కింద గీత ఒక్కటే ఉంచితే చాలట. మళ్ళీ మీ మేడమ్ గారి గొడవ మనకెందుకమ్మా అన్నారు. ఆలోచించి చెబుతానని ఫోన్ పెట్టేశాను. ఆలోచించడానికేమీ లేదు, ఇంకొక్క క్షణం ఉంటే తిట్టేస్తానని పెట్టేశానంతే.

అందుకే ఇది రాస్తున్నాను. ఏడుపు అయిపోయింది. ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

ఆ గీతలేమిటో ముందు చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. ఒక జ్వరం ఊళ్లోకి వచ్చిందనుకోండి. దోమలు ఎంత పెరుగుతున్నాయి, ఎంతమందిని కుడుతున్నాయి, జ్వరమొచ్చిన మనిషి నుంచి ఇంకో దోమకు ఎన్నాళ్లపాటు అంటుకుంటుంది, వీటన్నిటినీ సమీకరణాల్లో పెడితే రాబోయే వారాల్లో ఎంతమంది మంచాన పడతారో చెప్పే గీత ఒకటి వస్తుంది. మేడమ్ ఎప్పుడూ రెండు గీసేవారు. మనం చేతులు కట్టుకుని కూర్చుంటే ఏమవుతుందో చెప్పేది పై గీత. లేచి పని చేస్తే ఏమవుతుందో చెప్పేది కింద గీత. ఆ రెంటి మధ్య కనిపించే ఖాళీ ఖాళీ కాదు, అక్కడున్నది మనుషులు, అనేవారు. నాకు తెలిసి ఆవిడ జీవితమంతా చేసిన పని ఆ ఖాళీని జనానికి చూపించడమే.

మాది గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగం కోసం వచ్చిన కుటుంబం. ఇంట్లో ప్రతి మాటకూ 'అండి' తగిలించడం అలవాటు. పరిశోధనకు ఆవిడ దగ్గర చేరిన మొదటి రోజు నా సందేహమేదో చెప్పుకుంటూ పోతుంటే ఓపిగ్గా చివరిదాకా విన్నారు. విని, "నీ అండీలన్నీ తీసీసి సెప్పవే, సగం టైం మిగుల్తాది" అన్నారు. నేను బిక్కచచ్చిపోయాను. అది తిట్టు కాదని, ఆవిడ దగ్గర చనువు అలాగే మొదలవుతుందని తర్వాత తెలిసింది.

ఆవిడ నాన్నగారు పోర్టులో కళాసీగా చేశారు. చర్చి వెనక వీధిలో పుట్టి పెరిగారు. ఆ వీధి మాటను ఆవిడ ఏ క్లాసులోనూ, ఏ మీటింగులోనూ దాచుకోలేదు. ఒకసారి సెమినారులో మా కాలేజీ పెద్దాయన ఒకరు, బయటివాళ్లు వచ్చినప్పుడైనా కాస్త మంచి తెలుగు మాట్లాడమని మెత్తగా సలహా ఇచ్చారు. మంచి తెలుగు మాట్లాడేవాళ్లను దోమలు కుట్టకుండా వదిలేస్తున్నాయా సార్ అని అడిగి, సమాధానం కోసం చూడకుండా బోర్డు వైపు తిరిగిపోయారు. వెనక బెంచీల్లో మేము నవ్వు ఆపుకోలేక చచ్చాం.

హ్యాండ్‌బ్యాగులో బైబిలు, మందుల డబ్బాతో పాటు ఒక స్టీలు గరిటె ఉండేది. వంటింట్లోని సాంబారు గరిటే. ఎక్కడ నీళ్లు నిలిచి కనిపించినా, పాత టైరులో గానీ, పూలకుండీ కింద పళ్లెంలో గానీ, అందులో ముంచి తీసి వెలుతురుకు పెట్టి చూసేవారు. తోకాడిస్తూ దోమ పిల్లలు కనిపిస్తే చాలు, ఆ ఇల్లు ఎవరిదైనా సరే పిలిచి చూపించేదాకా కదిలేవారు కాదు. మా తోటి లెక్చరర్ కూతురి పెళ్లికి వెళ్లినప్పుడు, గుమ్మం ముందు పూలరేకులు వేసి పెట్టిన ఇత్తడి పళ్లెంలో కూడా గరిటె ముంచారు. ఆ నీళ్లు ఎన్నాళ్ల నుంచి ఉన్నాయో గానీ, దోమ పిల్లలు దొరికాయి. పెళ్లికూతురి తండ్రి మొహం మాడ్చుకుని నీళ్లు పారబోయించాడు. మేడమ్ ఆయన భుజం తట్టి, లోపలికెళ్లి, వంకాయ కూర రెండుసార్లు అడిగి వేయించుకున్నారు.

ముందు చూడు, తర్వాత లెక్క వెయ్యి. ఇది ఆవిడ మాకు పెట్టిన నియమం. సమీకరణం రాయాలంటే ముందు వెళ్లి ఆ చోట నిలబడి రావాలి. ఎండలో తిప్పుతున్నారని విసుక్కున్నవాళ్లున్నారు, మధ్యలో మానేసి వేరే గైడ్ దగ్గరికి పోయినవాళ్లున్నారు. ఆవిడ ఎవరినీ బతిమాలలేదు.

ఒక ఏడాది మా లెక్క ఊరితో కుదరలేదు. ఆస్పత్రుల నుంచి తెచ్చిన డెంగీ కేసులను ఇంటి చిరునామా ప్రకారం మ్యాపు మీద ఎర్ర చుక్కలుగా పెట్టేవాళ్లం. ఊళ్లో అందరూ చేసే పద్ధతి అదే, ఆరోగ్య విభాగం ఆఫీసు మ్యాపు కూడా అంతే. పెందుర్తిలో ఒక గుంపు, మధురవాడలో ఒక గుంపు వచ్చాయి, మధ్యలో ఏమీ లేదు. దోమ అంత దూరం ఎగరదు. మా సీనియర్లు ఆ సంఖ్యా ఈ సంఖ్యా సవరించి గీతను లాగి ఎలాగో అతికించారు. మేడమ్ ఆ మ్యాపు ముందు నిలబడి టీ చల్లారిపోయేదాకా చూశారు.

"ఈ సుక్కలు రాత్రి ఎక్కడ పడుకుంతాయో పెట్టేరు. పగలెక్కడుంతాయే?" అన్నారు.

డెంగీ దోమ పగలు కుడుతుంది. ఆ సంగతి పుస్తకంలో ఉంది, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం. అయినా ఆసుపత్రి కాగితం మీద చిరునామా ఉంది కాబట్టి చిరునామానే పట్టుకుని వేలాడాం. ఆ రోజు నుంచి వార్డుల్లో తిరిగి జ్వరంతో పడుకున్న ప్రతి ఒక్కరినీ ఆ ఒక్క ప్రశ్నే అడిగాం, పగటిపూట ఎక్కడుంటారు అని. పెందుర్తివాళ్లు అచ్యుతాపురం అన్నారు. మధురవాడవాళ్లూ అచ్యుతాపురమే అన్నారు. ఫ్యాక్టరీల్లో పని, షిఫ్టు బస్సులో రాకపోకలు. పగలు అక్కడ కుట్టించుకుని, ఆదివారం ఇంటి పట్టున ఉన్నప్పుడు ఇక్కడి దోమలకు అందిస్తున్నారు.

ఇంకో సంగతి అంతకన్నా చేదుగా ఉంది. ఫ్యాక్టరీల చుట్టుపక్కల అద్దె గదుల్లో ఉంటూ పని చేసుకునే కుర్రకారుకు జ్వరమొస్తే ఆసుపత్రిలో ఆధార్ కార్డు చూసి రాసుకుంటారు. కార్డు మీద శ్రీకాకుళం పల్లె ఉంటుంది, లేదా ఒడిశా పల్లె. ఇక్కడివాళ్లు అది మన జిల్లా కేసు కాదంటారు. అక్కడివాళ్లు ఆ మనిషి ఊళ్లోనే లేడంటారు. అందరికన్నా ఎక్కువ జ్వరాలున్న చోట మా మ్యాపు మీద ఒక్క చుక్క కూడా లేదు. మేడమ్ ఆ గదులు చూసొచ్చారు. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియక గది గదికీ డ్రమ్ము నింపి పెట్టుకున్నారు. ఏ డ్రమ్ముకూ మూత లేదు. దోమల పొగ వేసే బండి మాత్రం రోజూ సాయంత్రం ఊళ్లో కాలనీల్లో తిరుగుతోంది.

కొత్త లెక్క వేశారు. పై గీత నిటారుగా లేచింది.

అప్పట్లో ఆవిడ ఆరోగ్య విభాగం సలహా కమిటీలో ఉన్నారు. ఆ మీటింగుకు నేను కంప్యూటర్ పట్టుకుని వెంట వెళ్లాను. పై గీత తెర మీద చూపించాను. మీటింగు నడిపిస్తున్న అప్పటి అధికారి, జనం బెదిరిపోతారు, కంపెనీలవాళ్లు ఊరుకోరు, కింద గీత ఒక్కటే ఉంచి సంతకం పెట్టండి మేడమ్ అన్నారు. మర్యాదగానే అన్నారు. మేడమ్ కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు.

"ఒక గీత తీసీతే అది లెక్క కాదు సార్, ముగ్గు. ముగ్గులెయ్యడానికి నన్ను పిలవక్కర్నేదు," అన్నారు.

అని, పై గీత పక్కనే తన పేరు రాశారు. అది ఆవిడ పద్ధతి. కింద గీత మంచి గీత, దాని పక్కన పేరు ఎవడైనా రాస్తాడు, తిట్లు తినే గీత పక్కన ఉండాలి మన పేరు అనేవారు. తర్వాతి మీటింగుకు ఆవిడకు పిలుపు రాలేదు. తీసేశామని చెప్పినవాళ్లూ లేరు.

పిలుపు రాని రోజునే మమ్మల్నందరినీ బయల్దేరదీశారు. ఆదివారం ఆరాధన ముగిశాక పాస్టరు గారిని అడిగి మైకు తీసుకుని, ఇళ్లలో పాత చీరలున్నవాళ్లు పట్టుకురమ్మన్నారు. చర్చి ఆడవాళ్లు సంచులకెత్తుకుని వచ్చారు. ఆ చీరలు చింపి డ్రమ్ముల మూతులకు గుడ్డ కట్టడం, పురికొస బిగించడం, పాత టైర్లు బోర్లించడం, ఆ వానాకాలమంతా ఇదే మా పరిశోధన. షిఫ్టు మారే వేళకు బస్సుల దగ్గర రెండు గీతలూ వేసిన ఫ్లెక్సీ పట్టుకుని నిలబడేవాళ్లం. కొందరు నవ్వుకుంటూ పోయారు. ఒక కాంట్రాక్టు కుర్రాడు ఆగి, ఈ గీతల్లో మేమెక్కడున్నాం మేడమ్ అని అడిగాడు. "నువ్వు కిందదాన్లో ఉండాలనే తిరగతన్నాను బాబూ" అన్నారు. వాడు ఆ సాయంత్రం తన గదివాళ్లందరినీ వెంటబెట్టుకుని పాత చొక్కాలతో వచ్చాడు.

ఈలోగా పై గీత ఎలాగో పేపర్లో పడింది. పెద్ద అక్షరాలతో వేశారు. కింద గీత వాళ్లకు అక్కర్లేకపోయింది. ఆఫీసు కూడా ఉలిక్కిపడి, తిట్టుకుంటూనే, పొగబండ్లను అచ్యుతాపురం వైపు పంపింది, ట్యాంకర్లు రోజూ వచ్చేలా చూసింది. జ్వరాలు వచ్చాయి. రాలేదని నేను చెప్పను. కానీ పై గీత చెప్పినట్టు రాలేదు, కిందదాని పక్కపక్కనే నడిచి తగ్గిపోయాయి. మేము ల్యాబులో స్వీట్లు పంచుకున్నాం. ఊరు మాత్రం ఆవిడకు పేరు పెట్టింది, లెక్క తప్పిన మేడమ్ అని.

లోకల్ టీవీవాళ్లు పిలిచి, జనాన్ని ఊరికే బెదరగొట్టినందుకు క్షమాపణ చెబుతారా అని అడిగారు. మేడమ్ నవ్వారు. "తప్పింది. తప్పాలనే ఏసేను. అది నిజమైపోయుంటే అప్పుడు సెప్పీదాన్ని క్షమాపణ" అన్నారు. ఆ ముక్క వాళ్లు చాలాసార్లు వేశారు, కింద నవ్వుతున్న బొమ్మ పెట్టి. ఆవిడ మేనల్లుడు అది చూసి ఉడికిపోతే, చీర రంగు టీవీలో బాగా పడింది కదరా అని మాట మార్చారట.

నాకు మాత్రం ఒక అనుమానం లోపల తొలుస్తూ ఉండేది. ఆ ఏడు మధ్యలో వానలు కొన్నాళ్లు ముఖం చాటేశాయి. దోమలు అందువల్ల తగ్గాయేమో. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను, నిజంగా మన వల్లే తగ్గిందంటారా మేడమ్ అని. ఇంకొకరైతే కసురుకునేవారు. ఆవిడ చాక్‌పీసు పక్కన పెట్టి కూర్చున్నారు.

"తెల్దే. తెలాలంటే డ్రమ్ముల మీద గుడ్డలు తీసీసి ఇంకో ఏడు సూడాలి. తియ్యమంతావా?"

నేను తల అడ్డంగా ఊపాను. ఈ రోజుకీ అంతకన్నా నిజాయితీ గల సమాధానం నేను వినలేదు. ఆవిడ తన లెక్క వల్లే ఊరు బతికిందని ఎప్పుడూ చెప్పుకోలేదు. తెలియనిది తెలియదన్నారు. చేయాల్సింది చేశారు. చేసినందుకు వేళాకోళాలు పడ్డారు. పడి, మళ్ళీ ఏడు మళ్ళీ రెండు గీతలూ గీశారు, ఎవరూ అడగకపోయినా.

రిటైరయ్యాక మధురవాడ ఫ్లాటుకు మారారు. పై అంతస్తులో సాఫ్ట్‌వేరు పిల్లలు బాల్కనీ కుండీల కింద పళ్లేలు పెడుతున్నారని లిఫ్టులోనే క్లాసు పీకేవారు. ఆఫీసు ఆవిడను మళ్ళీ పిలవలేదు గానీ, ఆవిడ దగ్గర నేర్చుకున్న నన్ను పిలవడం మొదలుపెట్టింది. నాకు వెళ్లబుద్ధి కాలేదు. ఆవిడే తిట్టి పంపారు. పంతాలు ఇంట్లో పెట్టుకోమని, దోమలకు మన పంతాలు తెలియవని అన్నారు.

ఆఖరిసారి కలిసింది పోయిన నెలలో. చేపల పులుసు పెట్టారు, తను మాత్రం ఉప్పు లేని చారు పోసుకుని నా కంచం వైపు కుళ్లుగా చూశారు. ఈ ఏడు లెక్క గురించి అడిగారు. పై గీత బాగా పైకి పోతోందని చెప్పాను. అద్దె గదులు పెరిగాయి, డ్రమ్ములు పెరిగాయి, ఆ రోజుల్లో కట్టిన గుడ్డలు ఎప్పుడో చిరిగిపోయాయి. ఆవిడ తినడం ఆపి, వాళ్లు తీసేయమంటారు చూడు అన్నారు. నవ్వలేదు. నేను మాట మార్చాను. ఆవిడ మార్చనివ్వలేదు, మళ్ళీ అదే అన్నారు.

సమాధి కార్యక్రమానికి చాలామంది వచ్చారు. పాస్టరు గారు ప్రార్థన చేశాక, ఆవిడతో పాటు పని చేసిన పాత లెక్చరర్ ఒకరు నా పక్కకు వచ్చి కళ్లు తుడుచుకున్నారు. మనిషి బంగారమమ్మా, ఆ ఒక్క లెక్కే కాస్త తేడా కొట్టింది గానీ, అన్నారు. ప్రేమతోనే అన్నారు. అయినా నేను ఊరుకోలేకపోయాను.

"ఆవిడ వేసిన వాటిలో అన్నిటికన్నా గొప్ప లెక్క అదే సార్. గొడుగు వేసుకుని తడవకుండా ఇంటికొచ్చినవాడు వాన అబద్ధమంటే మీరు ఒప్పుకుంటారా?" అన్నాను. గొంతు కాస్త పెద్దదైంది. నలుగురు తిరిగి చూశారు. తిరిగి చూడనీ. ఆవిడ అక్కడ పడుకుని ఉండగా ఆయన మాటను ఊరికే పోనివ్వడం నా వల్ల కాలేదు.

మొన్న ఆ ఆఫీసుకు వెళ్లాను. రెండు గీతలూ పట్టుకెళ్లాను. పై గీత పక్కన నా పేరు రాసి ఉంది. నాకు ఫోన్ చేసిన అధికారి కాగితం చూసి, నన్ను చూసి, నిట్టూర్చారు. తప్పితే రేపు మిమ్మల్నే అంటారమ్మా, ఉద్యోగంలో ఉన్నవారు, ఆలోచించుకోండి అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. తప్పాలి సార్, తప్పించే పని మీ చేతుల్లో ఉంది, ఇంకా వానలు ముదరలేదు అన్నాను. ఆయన ఆ కాగితాన్ని పేపర్‌వెయిటు కింద పెట్టారు. పైకి పంపుతారో, అక్కడే ఉంచేస్తారో నాకు తెలియదు. పంపకపోతే రెండు గీతలూ నేనే ఫ్లెక్సీ వేయించుకుని నిలబడతాను. లెక్క తప్పిన మేడమ్ అన్న పేరు నాకూ పెట్టండి. నాకు అంతకన్నా పెద్ద బిరుదు అక్కర్లేదు.

అక్కడి నుంచి తిన్నగా అచ్యుతాపురం వెళ్లాను. సాయంత్రం షిఫ్టు వదిలే వేళ, అప్పుడే వాన వెలిసింది. బస్సులు గేటు దాటి ఒకదాని వెనక ఒకటి రోడ్డెక్కుతున్నాయి. తడిసిన కిటికీ అద్దాలకు తలలు ఆన్చి అందరూ నిద్రపోతున్నారు, నోరు తెరుచుకుని ఒకరు, పక్కవాడి భుజం మీద వాలిపోయి ఇంకొకరు. కూడలిలో ఒక బస్సు నా ముందే ఆగింది. కిటికీ పక్కన ఇరవై ఏళ్లు దాటని అమ్మాయి, ఒళ్లో టిఫిన్ డబ్బా, యూనిఫాం చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. బ్రేకు కుదుపుకు కళ్లు తెరిచి నన్ను ఒకసారి చూసింది. ఎవరో తెలియని మనిషిని చూసినట్టే చూసి, ముంజేయి గోక్కుని, మళ్ళీ కళ్లు మూసుకుంది. బస్సు పెందుర్తి వైపు తిరిగింది.